ఖోబర్ ఫ్రీజర్‌లో ధ్రువపు చలి

1992 వేసవి. గల్ఫ్ యుద్ధం ముగిసి ఏడాది దాటినా అల్ ఖోబర్‌లో చాలా ఇళ్ల కిటికీలకు విషవాయువు భయంతో అంటించిన టేపు మరకలు ఇంకా పోలేదు. నేనప్పుడు అల్ అజీజియా దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ ఇంజినీరుని. ఓడల్లో వచ్చే గడ్డకట్టిన కోళ్లు మా సరుకు. బయట ఎండ ఎంత కాసినా లోపల మైనస్ పద్దెనిమిది డిగ్రీలు నిలబెట్టడం నా పని.

ఒక సాయంత్రం చంద్రశేఖర్ గారు భార్య వసుంధర గారితో ప్లాంటుకి వచ్చారు. కడప మనిషి, చమురు సంస్థలో జియాలజిస్టు, యాభై దాటిన వయసు. తెలుగువాళ్ల కలయికల్లో ముఖపరిచయం అంతే. కూర్చుంటూనే అడిగారు.

"మీ ఫ్రీజర్‌లో ఒక పూట పడుకోవాల సార్. కుదురుతుందా?"

కెనడా ఉత్తరపు కొసన, చెట్టన్నది మొలవని చోట, ఇద్దరు సహోద్యోగులతో కలిసి వీపున సామాను మోసుకుంటూ మూడు వారాలు నడవబోతున్నారట. చిన్న విమానం దింపి వెళ్లిపోతుంది, మళ్లీ అదే వచ్చి తీసుకెళ్లాలి. మధ్యలో ఊరు లేదు, దారి లేదు.

"ఈయప్పకు ఎడారి చాల్లేదంట సార్," అన్నారు వసుంధర గారు.

"ఈ ఎడారిలో నేను చూడని చోటు లేదు. యాడ చూసినా పైపులైనే," అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించారు. "సైరన్ మోగినప్పుడల్లా మాస్కులు తగిలించుకొని బాత్రూములో కూర్చుంటిమి గదా, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి. బతికి బయటపడితే గోడల్లేని చోట నడవాలని అప్పుడే అనుకున్నా."

"నేనేం వద్దనలేదు. ఆ చలికి ఆగుతారని నా కండ్లతో చూస్తే పంపిస్తా," అన్నారావిడ.

మా ముదీర్, అంటే సౌదీ మేనేజరు, సంగతి విని పడీపడీ నవ్వి "మజ్నూన్" అన్నాడు, పిచ్చివాడని. అయినా ఖాళీగా ఉన్న గది ఒకటి వాడుకోమన్నాడు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నానికి గదిని మైనస్ పదికి తెచ్చాను. తాము వెళ్లే చోట ఆగస్టులో అంత చలి ఉండదని ఆయన అన్నా వసుంధర గారు ఒప్పుకోలేదు. ఇక గాలికి కొదవ లేదు. ఎవాపరేటర్ ఫ్యాన్లు, అంటే గదిలో చలిగాలి ఊదేవి, ఆయన పడక వైపే తిరిగి ఉన్నాయి. లోపల స్టవ్ వెలిగిస్తానంటే మాత్రం కుదరదన్నాను. మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది. తలుపుకి తాళం పెట్టలేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మా టెక్నీషియన్ మల్లయ్య బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతను తలుపు కొట్టినప్పుడల్లా లోపలి నుంచి జవాబు రావాలి.

చాలాసేపు వచ్చింది. ఒకసారి రాలేదు.

"సారూ, పలుకుతలేడు," అన్నాడు మల్లయ్య, నేను లేచేలోపే తలుపు లాగేస్తూ.

ఆయన మెలకువగానే ఉన్నారు. ఈకలు కూరిన స్లీపింగ్ బ్యాగులో తల కూడా దూర్చి జిప్పు పైదాకా లాక్కున్నారు. ఊపిరిలోని తడి జిప్పు మీద చేరి మంచుగా బిగుసుకుంది. గ్లవుజులతో జిప్పు లాగే చిన్న కొక్కెం చిక్కలేదు. గ్లవుజులు తీసేస్తే వేళ్లు కొయ్యబారిపోయాయి. మాట బయటికి సరిగా వినపడలేదు. మల్లయ్య జేబులోంచి పట్టకారు తీశాడు.

"ఉండు నాయనా, చినుగుతాది," అంటూ వసుంధర గారు నల్లటి అబాయాతోనే లోపలికి వచ్చేశారు. నేల మీద మోకాళ్లూని ఆ కొక్కేన్ని అరచేతిలో బిగించి పట్టుకున్నారు. ఆవిడ పళ్లు టకటకలాడుతున్నాయి, చెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపటికి మంచు కరిగి జిప్పు కదిలింది.

బయట ఎండలో కూర్చోబెట్టి టీ ఇచ్చాం. ఆయన సిగ్గుపడుతూ నవ్వారు. "ఒళ్లు వెచ్చగానే ఉండె. వేళ్లే మోసం చేసినాయి."

"ఆడ నేనుండను గదా," అన్నారావిడ. ప్రయాణం అక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఇద్దరూ మళ్లీ వచ్చారు. బ్యాగు జిప్పుకీ, కోటు జిప్పుకీ, డేరా తలుపుకీ లంగా నాడాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి జానెడు పొడుగు, చివర పెద్ద ముడి. రాత్రుళ్లు కూర్చుని ఆవిడే కట్టారట. ఈసారి ఆయన లోపలే చాలాసేపు ఉండి, గ్లవుజులు తీయకుండా పిడికిలితో నాడా లాగి తనంతట తానే బయటికొచ్చారు. ఊపిరి తడి జిప్పుకి తగలకుండా మూతికి అడ్డం పెట్టుకున్న రుమాలు మాత్రం అట్టలా బిగుసుకుపోయింది.

"సరే, పోండి," అన్నారు వసుంధర గారు.

ఆయన సెప్టెంబరులో తిరిగొచ్చి వసుంధర గారితో కలిసి నేరుగా మా ప్లాంటుకి వచ్చారు. చిక్కిపోయారు, ముక్కు మీద తోలు ఊడింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. మెత్తటి నేలలో అడుగడుక్కీ కాలు దిగబడేదట. ఒక గుట్ట చాటున మస్క్ ఆక్స్ అనే జడల ఎద్దులు కనబడ్డాయట. వానా మంచూ కలిసి కొట్టినప్పుడు డేరాలోనే ముడుచుకుని ఉన్నారట. తోటివాళ్లిద్దరూ ఆవిడ చేతి నాడాలు ఇంకో రెండు జతలు అడిగారని చెబుతుంటే వసుంధర గారు అటువైపు తిరిగి నవ్వుకున్నారు.

ఆయన జిప్పు బిగుసుకుపోయిన ఆ మధ్యాహ్నం తర్వాతే మల్లయ్య, నేను మా గదుల డోర్ రిలీజ్‌ని పరీక్షించాం. తలుపు మూసుకుపోతే లోపలివాళ్లు తిప్పి తెరుచుకునే గుండ్రటి పిడి అది. వెచ్చటి చేత్తో సులువుగానే తిరుగుతుంది. వేళ్లు మొద్దుబారేదాకా లోపల నిలబడి, గ్లవుజులతో తిప్పి చూస్తే జారిపోయింది. ముదీర్‌కి చూపించాం. అతను కూడా ఒకసారి తిప్పి చూసి మార్చేయమన్నాడు. ప్రతి తలుపుకీ భుజంతో నెడితే చాలు తెరుచుకునేలా వెడల్పు పలక పెట్టించాం. ఒక పరికరం పనిచేస్తోందా అని చూడటం కాదు, దాని అవసరం పడ్డ మనిషి అప్పుడు ఏ స్థితిలో ఉంటాడో ఆ స్థితిలో చూడాలని నాకు అర్థమైంది. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా అలాగే చేశాను.

కొన్నేళ్ల తర్వాత, ఆ ఖోబర్ ప్లాంటులోనే సరుకు దించుతున్న హడావిడిలో ఒక బంగ్లాదేశీ కార్మికుడు లోపలుండగానే తలుపు మూసుకుపోయింది. మేము చూసుకునేలోపే తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. అతను భుజం దులుపుకుంటూ బయటికొచ్చి, మా చేతుల్లోని ఖాళీ టీ గ్లాసులు చూసి అడిగాడు.

"చాయ్ ఖతమ్ హో గయా క్యా?"