వాసన పోయిన డబ్బాలు

చండ్రుగొండ దగ్గరి తండాలో రూప్లి డబ్బాలకు మంచి పేరుండేది. పత్తి చేలల్లో, మిరప తోటల్లో పురుగుమందు కొట్టి గట్ల మీద పారేసిన ప్లాస్టిక్ డబ్బాలను ఆమె ఏరుకొచ్చేది. చిన్నవీ పగిలినవీ సంచుల్లో కుక్కి ఖమ్మంలో పాత సామాన్ల దుకాణానికి వేసేది. మూత గట్టిగా ఉన్న పెద్ద డబ్బాలను మాత్రం పక్కన పెట్టేది. వాటిలో చింతపండు పులుసు, పొయ్యి బూడిద పోసి, గులకరాళ్లు వేసి బాగా ఊపి, కడిగి ఎండలో బోర్లించేది. చివరికి మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేది. వాసన రాకపోతే మందు పోయినట్టే. ఆ నమ్మకం ఆమె ఒక్కదానిది కాదు, తండా మొత్తానిది. చేనుకు తాగునీళ్లు మోయడానికి బిందె కంటే డబ్బా నయం. తొణకదు, పట్టుకోవడానికి పిడి ఉంటుంది.

రూప్లి పుట్టినప్పుడు ఈ పని లేదు. వయసులో ఆమె తునికాకు కోసింది, ఇప్పపువ్వు ఏరింది. తర్వాత పత్తి వచ్చింది, మిర్చి వచ్చింది, వాటి వెంట డబ్బాలు వచ్చాయి. భర్త సోమ్లా పోయాక అడవిలో ఏరిన చేతులే చేలల్లో ఏరడం నేర్చుకున్నాయి.

2006 ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆమె సంచులతో ఖమ్మంలో దిగింది. దుకాణం అర్షద్‌ది. గల్లా దగ్గర కూర్చునేది అతని తల్లి సర్వరీ బేగం. ఆ మధ్యే వాళ్లు ప్లాస్టిక్‌ను చిన్న ముక్కలుగా కోసే మిషన్ పెట్టారు. ఆ ముక్కలను కొని కరిగించి పైపులు చేసేవాళ్లున్నారు. ఇక చెత్త అనే మాటే ఉండదని అర్షద్ అందరికీ చెప్పుకునేవాడు.

“రూప్లీ, సంచి దించకు. మందు డబ్బాలు ఇగ వద్దు,” అంది బేగం.

“ఏమైంది బేగమమ్మా? కడిగే తెచ్చిన. అద్దం లెక్క ఉన్నయ్ చూడు.”

“నీ అద్దం పాడుగాను! గీ అద్దాలు మిషన్ల ఏసే నా కోడలు షీరీన్ కండ్లు తిరిగి పడ్డది. దవాఖానాల పండవెట్టినం.”

లోపలి నుంచి అర్షద్ వచ్చాడు. “అమ్మ చెప్పింది నిజమే అక్కా. పైపులోళ్లు సుత ముక్కలు వాపస్ పంపిండ్రు. మందు ప్లాస్టిక్ లోపటికే ఇంకుతదంట. కడిగితే పోయేది వాసనే, మందు కాదు.”

రూప్లికి నవ్వొచ్చింది. “ప్లాస్టిక్ ఏమన్న మట్టికుండనా, ఇంకనీకి?”

“నవ్వు నవ్వు. షీరీన్ సుత గిట్లనే నవ్వింది,” అంది బేగం.

ఆ మాటతో రూప్లి నవ్వు ఆగిపోయింది. కిందటి వారమే ఆమె మంచి డబ్బాలు ఏరి చెల్లెలు హేమ్లికి ఇచ్చింది. హేమ్లి కూలీల ముఠాను వెంటబెట్టుకుని చర్ల అవతల మిరపకాయలు ఏరడానికి పోయింది. ఆ ముఠాలో హేమ్లి బిడ్డ జ్యోత్స్న కూడా ఉంది.

“బేగమమ్మా, గా డబ్బాల నీళ్లు మా జ్యోత్స్న తాగుతున్నది. కడుపుతోని ఉన్నది పిల్ల.”

“యా అల్లా! సంచి ఈడనే పారెయ్. జల్దీ పో!”

చర్ల అవతలి తోటల్లో ఫోన్ పలకదు. మనిషి పోవాల్సిందే. రూప్లి భద్రాచలం బస్సెక్కింది, అక్కడ దిగి చర్ల బస్సెక్కింది. గుంతల్లో బస్సు ఊగినప్పుడల్లా ఆమెకు డబ్బాలో నీళ్లు ఊగుతున్నట్టే అనిపించింది. నక్సలైట్ల కోసం పెట్టిన పోలీసు క్యాంపు దగ్గర అందరినీ దింపి సంచులు వెతికారు.

“ఏడికి పోతున్నవ్?”

“మా చెల్లె కాడికి.”

“సామాను లేకుండనా?” అని ఆ జవాను అనుమానంగా చూశాడు. ఆమె ఖాళీ చేతులు చాపి చూపించింది. ఆలస్యమైన ప్రతి ఘడియకూ జ్యోత్స్న ఒక గుక్క తాగి ఉంటుందన్నదొక్కటే ఆమె తలలో తిరుగుతోంది.

తోట చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. గట్టు మీద, గోనెపట్టా నీడలో, ఆమె డబ్బాలు వరసగా ఉన్నాయి. జ్యోత్స్న వాటి పక్కనే పడుకుని ఉంది.

“ఏంది అక్కా, చెప్పకుంట వచ్చినవ్?” అంది హేమ్లి.

“పిల్లకు ఏమైంది?”

“ఏమైతది, కడుపుతోని ఉన్నోళ్లకు అయ్యేదే. పొద్దుగాల సంది కక్కుతున్నది. తలకాయ నొస్తున్నదంట. నీళ్లు మంచిగ తాగమన్న.”

రూప్లి ఒక డబ్బా ఎత్తి నేల మీద వంచేసింది. ఆడకూలీలు ఏరడం ఆపి కేకలు పెట్టారు. ఆ నీళ్లు వాగు దాటి మోసుకొచ్చినవి. ఆమె కొడవలి తీసుకుని ఒక్కో డబ్బా కడుపు చీలుస్తూ పోయింది.

“పిచ్చి లేసిందా నీకు?” హేమ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. “వాసన చూడు! ఏమన్న వస్తుందా?”

“రాదు. వాసన పోయింది, మందు పోలే.”

“నీ చేతి డబ్బాలనే గద నమ్మి తెచ్చుకున్నం!”

రూప్లి కొడవలి కింద పడేసింది. జ్యోత్స్నను లేపి, మిర్చి బస్తాలు మోసే ట్రాలీ ఆటోను బతిమాలి భద్రాచలం తీసుకుపోయారు.

దవాఖానాలో డాక్టరమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది. “ఏ మందు డబ్బా? పేరు తెలిస్తే దానికి తగ్గట్టు చూస్తాను. డబ్బా మీద కాయితం ఉంటది కదా?”

కాయితం లేదు. పుర్రె బొమ్మ కనబడితే ఎవరూ నీళ్లు పోసుకోరని రూప్లి పీచుతో రుద్ది రుద్ది దాన్ని గీకేసేది. పైగా ఏ డబ్బా ఏ చేనుదో ఆమెకే గుర్తులేదు. తల అడ్డంగా ఊపింది. అప్పుడు హేమ్లి ఆమె వైపు చూసిన చూపు ముందు తోటలో అన్న మాటలే నయం.

జ్యోత్స్నకు వాంతులు తగ్గాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, “బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఇప్పటికి ఇంతే చెప్పగలను,” అంది.

ఆ “ఇప్పటికి”ని రూప్లి తండాకు మోసుకొచ్చింది. ఇంటింటికీ తిరిగి తాను ఇచ్చిన డబ్బాలన్నీ వాపసు అడిగింది. కొందరు ఇచ్చారు. “పోయినేడు మంచిగున్న డబ్బా ఈ యేడు విషమైందా?” అని ఇంటి వెనక దిబ్బ అవతల చేనున్న బాలి ఎగతాళి చేసింది. ఇచ్చినవాటిని రూప్లి ఇచ్చినట్టే చీల్చి ఇంటి వెనక పోసింది. కుప్ప పెరిగింది. అర్షద్ తీసుకోడు. కాలిస్తే పొగ తండా మీదికే వస్తుంది. మందుల దుకాణానికి మోసుకుపోతే, “అమ్ముడు మా పని, ఏరుడు కాదు,” అని గుమ్మం దగ్గరే ఆపారు. డబ్బా మీద పుర్రె బొమ్మ వేసే ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది. ఆ డబ్బాను వెనక్కి తీసుకునే ఖర్చు ఎవరూ పెట్టుకోరు. మిషన్లు ఎన్ని వచ్చినా ఆ చివరి బరువు రూప్లి లాంటి వాళ్ల పెరట్లోకే వచ్చి చేరుతుంది.

తొలకరికి ముందు ఒక సాయంత్రం జ్యోత్స్న వచ్చి అరుగు మీద కూర్చుని చెంబెత్తి నీళ్లు తాగింది. ఆమె గొంతు కదలికనే రూప్లి చూస్తోంది.

“గట్ల చూడకు పెద్దమ్మా. నీళ్లే గద.”

“ఏడియి?”

“మన బోరుయి.”

రూప్లి వెనక్కి తిరిగి చూసింది. కుప్ప ఎత్తు మీద ఉంది, బోరు పల్లంలో ఉంది. మబ్బులు పట్టాయి. ఆమె లేచి డబ్బాలను సంచుల్లోకి తోయడం మొదలుపెట్టింది. జ్యోత్స్న సాయం వచ్చి వంగబోయింది.

“ముట్టకు! దూరం పో!”

మొదటి సంచి నెత్తిన పెట్టుకుని దిబ్బ మీదికి ఎక్కింది. అవతలి వాలుకు దించితే వాన నీళ్లు బోరు వైపు రావు. దించబోతూ కిందికి చూసింది. అటు వాలు బాలి చేలోకి పోతుంది, ఆ చేను చివర వాళ్ల పశువులు తాగే కుంట. రూప్లి సంచి దించలేక, వెనక్కి తేలేక అక్కడే నిలబడింది. మొదటి చినుకులు సంచి మీద టపటపా పడ్డాయి.