తెల్ల పొర మీద నల్ల గీత

ఈ బరువు పదకొండేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. నీకు చెబుతున్నది నీ మీద ప్రేమతో కాదు, నువ్వు నన్నెరగవు కాబట్టి. నేను ఒక మనిషి చేతిని చంపేశాను. చెయ్యి బాగానే ఉంది, అన్నం తింటుంది, బస్తాలు ఎత్తుతుంది. దాని మీద అతనికి ఉన్న నమ్మకమే పోయింది.

మాది గుంటూరు వైపు. వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాం. భూమిలో వేసే ముప్పై మూడు వేల వోల్టుల కేబుళ్లను అతికే పనివాళ్లకు, అంటే జాయింటర్లకు, ఎల్బీనగర్‌లో ఒక షెడ్డులో పాఠాలు చెప్పి పరీక్ష పెట్టేవాణ్ణి. పాతవాళ్లకైనా కొత్తవాళ్లకైనా నేను సంతకం చేస్తేనే పని. ఆ సంతకం చూసుకుని ఎంత మురిసిపోయేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

సైదులు నల్గొండ పల్లె నుంచి వచ్చిన జాయింటరు. పదో తరగతి తప్పాడు గానీ పనిలో అతన్ని మించినవాడు లేడు. ఒకరోజు కేబుల్లో తీగ చుట్టూ ఉండే తెల్ల ప్లాస్టిక్ పొర గురించి చెబుతున్నాను. మామూలు పాలిథిన్‌లో అణువుల గొలుసులు సేమ్యాలా విడివిడిగా ఉంటాయి, వేడెక్కితే జారిపోతాయి, కేబుల్లో మాత్రం వాటిని వలలా ఒకదానితో ఒకటి ముడివేస్తారు, అందుకే కరగదు అన్నాను. అక్కడ ఆగితే బాగుండేది. ఆ ముడుల్లోంచి నీటి చుక్క కూడా దూరదని గొప్పగా చెప్పాను.

"వలల నీళ్లు ఆగుతయా సార్?" అన్నాడు సైదులు.

తడిలో ఏళ్లు పడి ఉన్న కేబుల్ని కోసి చూశానని, తెల్ల పొరలో చెమ్మ చెట్టుకొమ్మల్లా పాకి ఉందని చెప్పాడు. అతనిదే నిజం. ఆ రోజు పాఠం చూడ్డానికి వచ్చి వెనక కూర్చున్న ఇంజనీరు కూడా అవునన్నాడు. షెడ్డంతా నవ్వింది. నాకు కోపం నషాళానికంటింది. తప్పు చెప్పినందుకు సిగ్గుపడాల్సింది పోయి, వీడి సంగతి చూస్తాననుకున్నాను.

పదిహేను రోజులకు అతని పరీక్ష. జాయింటు వేసేటప్పుడు తెల్ల పొరను తుడవడానికి ఒక పద్ధతి ఉంది. తెల్లదాని మీంచి, పక్కన ఒలవకుండా వదిలిన నల్ల పై పొర వైపుకే తుడవాలి. వెనక్కి తుడిస్తే నల్ల పొరలోని మసి తెల్లదానికి అంటుకుంటుంది, కరెంటుకు దారి ఇస్తుంది. సైదులు అద్దంలా తుడిచి, చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. నేను గుడ్డ తీసుకుని, కేబుల్ కింది వైపు, నల్లదాని మీంచి తెల్లదాని మీదికి ఒక్కసారి లాగాను. వెంట్రుకంత గీత పడింది. నా చెయ్యి వణకలేదు. సంతోషం కూడా వేసింది, దాచడం దేనికి? అతను వచ్చి పైన రబ్బరు తొడుగు వేసి మూసేశాడు.

మర్నాడు జాయింటు తట్టుకుంటుందో లేదో చూడ్డానికి వోల్టేజి పెంచుతుంటే టప్పుమంది. జాయింటు కోసి బల్ల మీద పెట్టాం. గీత పొడవునా కాలిపోయి ఉంది.

"వెనక్కి తుడిచావా సైదులూ?" అన్నాను.

"లేద్సార్. నాకు యాదున్నకాడికి లేదు."

"మరి ఎవరు తుడిచారు? నేనా?"

మళ్లీ నవ్వులు, ఈసారి అతని మీద. అతను కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయ్యో, గంత మాట ఎట్లంట సార్. నా చెయ్యే తప్పింది గావొచ్చు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగే భుజాలు తడుముకుంటాడంటారు. ఆ రోజు తడుముకున్నది దొంగ కాదు.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ పరీక్షకు వచ్చాడు. కత్తి పట్టగానే చెయ్యి వణికింది, తెల్ల పొర లోతుగా తెగింది. ఆసారి నేనేమీ చెయ్యలేదు. రెండోసారి తప్పింది అతనే కదా, ఇందులో నాదేముంది అని ఆ ఒక్క ముక్క పట్టుకుని ఏళ్ల తరబడి వేలాడాను. మరి ఆ వణుకు ఎక్కడిది? ఎవడు పెట్టాడు? అతను మళ్లీ రాలేదు.

ఇప్పుడు సరూర్‌నగర్‌లో పిండి గిర్నీ నడుపుతున్నాడు. గోధుమలు పట్టించడానికి నేను కావాలనే అక్కడికి వెళ్తుంటాను. ఎందుకని అడక్కు, నాకూ తెలియదు. పోయిన నెల వెళ్లినప్పుడు గిర్నీ ఫ్యూజు పోయింది. వరుసలో ఉన్న ఆడవాళ్లు విసుక్కుంటున్నారు. ముప్పై మూడు వేల వోల్టుల కేబుళ్లు అతికిన మనిషి, ఫ్యూజు తీగ వెయ్యడానికి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి ఎదురు చూస్తున్నాడు. నువ్వే వేసుకోరాదా అంది ఒకామె. అతను నవ్వుతూ నన్ను చూపించాడు.

"నా చెయ్యి మంచిది కాదమ్మా. సార్‌ను అడుగు, సార్‌కు ఎర్కే."

అందరూ నా వైపు తిరిగారు. నేను అవునన్నట్టు తల ఊపాను.

మొదటిది కోపంలో చేశాననుకుందాం. మరి ఇది? ఆ క్షణంలో అతని మీద నాకు కోపం లేదు, పగ లేదు. నోరు తెరిస్తే నా పరువు పోతుందన్న భయం ఒక్కటే ఉంది. ఆ భయానికి అతన్ని ఇంకోసారి బలి ఇచ్చాను. పిండి సంచి పట్టుకుని ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

గిర్నీ మా ఇంటికి పది నిమిషాల నడక. నేను వెళ్లి చెప్పను. చెబుతానని నీకు అబద్ధమూ ఆడను. అతను వినాల్సిన మాట నీకు చెప్పేశాను, నాకు హాయిగా ఉంది.