నాయిన తెచ్చిన సుతిలి

కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టులో నన్ను మొదట అడిగిన మాట, "మీవోళ్లు ఎవరన్న వచ్చిన్రా అమ్మా?" అని. ఎవరూ రాలేదు, నేనే వచ్చానన్నాను. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై అన్నీ కౌంటర్ మీదికి వచ్చాక కొట్టతను మళ్లీ అందుకున్నాడు. "మేమే ఫిట్ చేసి ఇస్తం గదా, మీకెందుకు పరేషాన్?" మంచికే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. నేనే బిగించుకుంటానని చెప్పి, డబ్బాలన్నీ సంచుల్లో సర్దుకుని, క్యాబినెట్ పెట్టెను చంకలో ఇరికించుకుని సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కాను. చిక్కడపల్లిలో దిగేదాకా మదర్‌బోర్డు డబ్బాను ఒళ్లోంచి దించలేదు. పక్క సీటులో ఉన్నావిడ "కేకు డబ్బానా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

నేను అశోక్‌నగర్‌కు వచ్చింది కంప్యూటర్లు బిగించడానికి కాదు. పాలమూరు వైపు పల్లె మాది. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటానని వచ్చి, ఆడపిల్లల హాస్టల్లో ఓ మంచం సంపాదించి, పొద్దున్నే లైబ్రరీలో కుర్చీ కోసం పరుగులు తీసేదాన్ని. మాకు ఎండాకాలం, వానాకాలం, చలికాలం కాక నోటిఫికేషన్ కాలం అని ఇంకోటి ఉండేది. అది ఎప్పుడు వస్తుందో, వచ్చాక ఎప్పుడు వాయిదా పడుతుందో ఎవరికీ తెలియదు. పరీక్ష రాస్తే ఫలితం రాదు, ఫలితం వస్తే కేసు పడుతుంది. ఏళ్లు గడిచాయి. చదువు మీద నాకు ఎప్పుడూ విసుగు రాలేదు. ఎదురుచూపుల మీదే వచ్చింది.

ఆ మధ్యలోనే మా సందు చివరి పుస్తకాల షాపులో మోడల్ పేపర్లు టైపు చేసే పనికి సాయంత్రాలు వెళ్లడం మొదలుపెట్టాను. మెల్లగా పేజీలు దిద్దడం, పట్టికలు గీయడం, తెలుగు అక్షరాలు విరిగిపోకుండా చూసుకోవడం చేతికొచ్చాయి. షాపాయన ఒకరోజు, "సొంత సిస్టం పెట్టుకో అక్కా, కొత్త పుస్తకం మొత్తం నీకే ఇస్త" అన్నాడు. నాకంటే పెద్దవాడే, అయినా ఆ గల్లీలో అందరూ అందరికీ అన్నలే, అక్కలే. ఆ మాటతోనే నేను హాస్టల్ వదిలి, ఒక పాత ఇంటి మేడమీద ఒంటిగది కిరాయికి తీసుకున్నాను.

ఇంట్లో మాత్రం ఓపికలు అయిపోయాయి. నాయిన మేస్త్రీ. నా చిన్నప్పుడు ఈ ఊరికే వలస వచ్చి, హైదర్‌గూడలో, బర్కత్‌పురలో ఇప్పుడు పాతబడిపోయిన అపార్ట్‌మెంట్లకు గోడలు కట్టాడు. పట్నంలో ఎంత చెమట పోస్తే ఎంత మిగులుతుందో ఆయనకు బాగా తెలుసు. మా ఊరికి దగ్గర్లో ఒక ప్రైవేటు బడిలో నాకు టీచరు పని మాట్లాడిపెట్టాడు. ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయనే తెగ్గొట్టాడు.

"ఆదివారం నేనొస్త బిడ్డా. నీ మిషన్ నడుస్తే ఉండు. నడవకుంటే సామాన్ కట్టుకొని పోదాం. మళ్ల మాట లేదు."

సరేనన్నాను. అనేశాక గుర్తొచ్చింది. నేను అంతవరకు ఫోనుకు గ్లాసు అంటించుకోవడం తప్ప ఏదీ బిగించినదాన్ని కాదు.

ఆదివారం పొద్దున నేను ఇంకా డబ్బాలు విప్పుతుండగానే నాయిన వచ్చేశాడు. చేతిలో రెండు ఖాళీ గోనెసంచులు, వాటి మీద ఒక సుతిలి ఉండ. కొత్తది, గట్టిగా చుట్టినది. చూడగానే నాకు మంట లేచింది.

"తాడు గూడ తెచ్చుకున్నవా నాయినా? నడవదని ముందే అనుకున్నవు అన్నట్టు."

"నడవకుంటెనే బిడ్డా," అన్నాడు. ఆ సంచులను తలుపు పక్కన పెట్టి, చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

వీడియోలు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఫోన్లో అవన్నీ చాలా తేలిక. ఒకతను నవ్వుతూ మాట్లాడుతూ, ఉప్మా చేసినంత సులువుగా బిగించేస్తాడు. నా చేతిలోకి వచ్చేసరికి ప్రాసెసర్ పెట్టడానికే చెమటలు పట్టాయి. దాని మూల మీద చిన్న గుర్తు, బోర్డు మీద అలాంటిదే ఇంకో గుర్తు. రెండూ కలిపి మెల్లగా వదలాలి, నొక్కకూడదు. తర్వాత ఇనుప లివర్ దించుతుంటే కరకరమంది. అది మామూలేనని వీడియోలో చెప్పారు గాని, నా పళ్లు కూడా దానితోపాటే కరకరమన్నాయి. ఆ పైన ఫ్యాను బిగించాను. నాయిన స్క్రూలన్నీ తన అరచేతిలో పోసుకుని, నేను చెయ్యి చాపినప్పుడల్లా ఒక్కొక్కటి అందించాడు. బోర్డు మీదికి వంగి చూసి, "లేఅవుట్ లెక్క ఉన్నది. రోడ్లు, ప్లాట్లు అన్ని కొట్టిపెట్టిన్రు" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పటికింకా తాడు మీద కోపం పోలేదు.

అంతలో కింద నుంచి ఓనర్ ఆంటీ కేకేసింది. ఇంటి యజమానురాలు. నా గది నేలే ఆమె ఇంటి కప్పు కదా, ఏ చప్పుడైనా ఆమెకు తెలుస్తుంది. "మీ నాన్న వచ్చిండంట, చాయ్ పెట్టిన, తీస్కపో!" అంది. నేను కిందికి వెళ్లి, ఆమె అడిగినవాటికి జవాబులు చెప్పి, చాయ్ గ్లాసులు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకుని పైకి వచ్చాను. నాయిన కదలకుండా అక్కడే కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

ర్యామ్‌ను దాని సందులో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాను. టిక్కుమంది. బోర్డును క్యాబినెట్‌లో దించి, స్క్రూలన్నీ బిగించి, వెనక్కి తిరిగి చూస్తే మంచం మీద ఒక రేకు మిగిలిపోయి ఉంది. క్యాబినెట్ వెనక, వైర్లు గుచ్చే చోట అన్నిటికంటే ముందు పెట్టాల్సిన రేకు. నా నోటికి వచ్చినవన్నీ అనుకున్నాను. మళ్లీ అన్నీ విప్పాను. నాయిన అరచెయ్యి చాపాడు, స్క్రూలు అందులో వేశాను.

ఇక వైర్లు. పెద్దవాటితో బాధ లేదు, ఏది ఎక్కడ పడుతుందో దాని ఆకారమే చెబుతుంది. ముందు బటన్ నుంచి వచ్చే సన్నవి మాత్రం ప్రాణం తీశాయి. సూదుల్లాంటి పిన్నులకు వాటిని తొడగాలి. ఏది దేనికన్నది బోర్డు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. నాయిన ఫోన్ టార్చి పట్టుకున్నాడు. నేను కనుబొమ్మలు తీసుకునే ప్లకర్‌తో ఒక్కో వైరూ పట్టి గుచ్చాను. అప్పటికి ఆంటీ కూడా గ్లాసుల కోసమని పైకి వచ్చి, గ్లాసుల సంగతి మర్చిపోయి గుమ్మంలో నిలబడింది.

"ఫ్యూజు పోదు గదమ్మా?"

"పోదు ఆంటీ," అన్నాను, నాకేదో తెలిసినట్టు.

మానిటరు కేబుల్, కరెంటు ప్లగ్ తగిలించి బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. లోపల లైటు వెలిగింది. ఆంటీ చప్పట్లు కొట్టింది. నేను తెరవైపు చూశాను. సిగ్నల్ లేదు అని వచ్చి, తెర నల్లబడిపోయింది.

ఆపి మళ్లీ వేశాను. అదే. హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి పెట్టాను. అదే. బోర్డు మూలన ఒక చిన్న ఎర్ర లైటు మాత్రం ఆరకుండా వెలుగుతోంది. బోర్డుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే, అది ర్యామ్ అందడం లేదని చెప్పే లైటు. పైనుంచి ర్యామ్‌ను ఇంకా గట్టిగా నొక్కాను. ఎర్ర లైటు ఆరలేదు. ఇన్నేళ్ల పరీక్షల్లో ఏ ఫలితమూ నాకు ఇంత తొందరగా రాలేదు. ఇది మాత్రం వెంటనే వచ్చింది. ఫెయిల్.

"పోదాం నాయినా," అన్నాను. "తాడు తియ్యి. సామాన్ కడదాం."

నిజానికి అరిచాను. ఆంటీ తల దించుకుంది. నాయిన గోనెసంచుల వైపు చూడను కూడా చూడలేదు.

"ఇంకోపారి సూడు బిడ్డా. గోడ వంకరొస్తే ఇల్లే కూలగొడ్తమా? రెండు వరుసలు తీసి మళ్ల పెడ్తం. ఆ లైటు దేనిదంటున్నదో దాన్నే తీసి సూడు."

ప్లగ్ పీకి, అక్కడి క్లిప్పులు తెరిచి ర్యామ్‌ను బయటికి లాగాను. దాని బంగారు రంగు అంచుకు ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. కాలిపోయిందనే అనుకున్నాను. వాసన చూశాను. కాలిన వాసన కాదు. కుంకుమ.

టార్చి వేసి చూస్తే, ర్యామ్ పెట్టే సన్నని సందులో కూడా కుంకుమే. దాని చివర నల్లటి అంచు మీద, వెతికితే తప్ప కనబడనంత చిన్న బొట్టు.

నాయిన వైపు తిరిగాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నువ్వు చాయ్‌కి పోయినప్పుడు పెట్టిన బిడ్డా. మన మైసమ్మ కుంకుమ, జేబుల ఉండె. బొట్టు పెట్టకుంట నేను ఎన్నడన్న పునాది రాయి మీద చెయ్యేసిన్నా? నువ్వు కోపం జేస్తవని కనబడకుంట మూలకు పెట్టిన. అది లోపల పడ్తదని నాకేమెరుక..." ఆగాడు. "నా చేతులార్గ నీ పని ఖరాబు జేస్తినా?"

తలుపు పక్కన గోనెసంచులు అలాగే ఉన్నాయి. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, అది నడవకపోతే తన మాటే గెలిచే మనిషి, నేను గది దాటగానే జేబులోంచి కుంకుమ తీసి అది నడవాలని మొక్కుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపునే ముందు రానిచ్చాను. తర్వాత నవ్వాను. నన్ను చూసి ఆయనా నవ్వబోయాడు గాని, భయం ఇంకా పోలేదు.

"ఖరాబేం గాలేదు నాయినా. తుడిస్తే పోతది," అన్నాను. పోతుందో లేదో నాకూ తెలియదు.

పరీక్షల పుణ్యమా అని నా గదిలో దేనికి కరువున్నా రబ్బర్లకు కరువు లేదు. ఒక కొత్తది తీసి ర్యామ్ అంచును మెల్లగా రుద్దాను. సందులోది దులపడానికి మెత్తని బ్రష్ కావాలంటే, ఆంటీ గబగబా కిందికి వెళ్లి తలకు రంగు వేసుకునే బ్రష్ తెచ్చింది. "కొత్తదేనమ్మా, ఇంక వాడలే," అని మెల్లగా చెప్పింది. ఆమె జుట్టు సహజంగానే నల్లగా ఉంటుందని అందాకా మా గల్లీ అంతా నమ్మేది. సందును దులిపి, ఊది, మళ్లీ దులిపి, ర్యామ్ పెట్టాను. టిక్కుమంది. బటన్ నొక్కే ముందు ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఎర్ర లైటు వెలిగింది, ఆరింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"గింతేనా? బొమ్మల్లేవా?" అంది ఆంటీ.

"నడుస్తున్నదా బిడ్డా?" అన్నాడు నాయిన.

"నడుస్తున్నది నాయినా."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇది రాస్తున్నది ఆ కంప్యూటర్ మీదే. ఈ బల్ల మీదే ఎన్నో పుస్తకాలకు పేజీలు దిద్దాను. అవి నారాయణగూడ ఫుట్‌పాత్‌ల మీద, చిక్కడపల్లి షాపుల్లో కనిపిస్తే ఇప్పటికీ ఆగి ఒకటి తీసి చూస్తాను. వాటి మీద నా పేరు ఉండదు. అయినా సంతోషమే. దుమ్ము దులపడానికి క్యాబినెట్ తెరిచినప్పుడల్లా ఆ నల్లటి అంచు మీద ఎరుపు లీలగా కనబడుతుంది. దాన్ని మాత్రం తుడవను. ఫిట్ చేసి ఇస్తానన్న కొట్టతనికీ, బ్రష్ ఇచ్చిన ఆంటీకీ, నన్ను నమ్మి పుస్తకం ఇచ్చిన షాపాయనకూ నేను రుణపడి ఉన్నాను. నాయిన సంగతి వేరు. ఆయనకు రుణం అంటే కోపం వస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, కంప్యూటర్ వెనక నేలంతా పరుచుకుని ఉన్న వైర్లను నాయిన కాసేపు చూశాడు. "గిట్ల ఇడిచిపెడితే కాలికి తట్టుకుంటయి," అంటూ లేచి, సుతిలి ఉండ విప్పాడు. మానిటరుది, కీబోర్డుది, మౌసుది, కరెంటుది అన్నీ దగ్గరకు చేర్చి, జానకొక ముడి చొప్పున, గోడ కట్టేటప్పుడు నిలబడడానికి సారవ కట్టెలు కట్టినట్టు వరుసగా కట్టుకుంటూ పోయాడు. మిగిలిన తాడుతో ఎక్స్‌టెన్షన్ బాక్సును బల్ల కాలికి బిగించాడు. అంతలో అమ్మ ఫోన్ చేసింది. ఆయన చేతులు ఖాళీగా లేవని నేనే స్పీకర్ పెట్టాను.

"సామాన్ కట్టిన్రా? ఏ బస్సుకొస్తున్రు?" అని అడిగింది అమ్మ.

నాయిన పళ్లతో తాడు కొన తెంపి, చివరి ముడి బిగించాడు.

"ఏం గట్టేది? తాడు ఈడ్నే అయిపాయె," అన్నాడు.