జాబులన్నీ తీసివేయబడును

నాయకులు బంద్‌కు పిలుపిస్తే బస్సులు ఆగడం మీరు చూసే ఉంటారు. జెండా లేకుండా, నినాదం లేకుండా, నాలుగు వాక్యాల కాగితం ముక్కతో పటాన్‌చెరు రోడ్డు ఆపిన మొనగాణ్ణి మాత్రం మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పుడు మాస్టారు మెచ్చుకున్నారు. ఆయన ఆ పని చేయకుండా ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో!

అప్పటికి నాకు ఇరవై ఐదేళ్ళు. సెల్‌ఫోన్లు ఇంకా పెద్దవాళ్ళ జేబుల్లోనే ఉన్న రోజులు. మాది కర్దనూరు. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో క్లస్టర్ గదికి ఆపరేటర్ని, కాంట్రాక్టు మీద. క్లస్టర్ అంటే గాబరా పడకండి. పదహారు కంప్యూటర్లను ఒక ఇనుప బీరువాలో పేర్చి, తీగలతో కలిపి, అన్నిటి చేతా ఒకే లెక్క చేయించడం. నాట్లకు పదహారుమంది ఒకే మడిలో దిగినట్టన్నమాట. పరిశోధన చేసే పిల్లలు తెచ్చి ఇచ్చే ఒక్కో లెక్కను 'జాబ్' అంటారు. చోటు లేకపోతే ఆ జాబ్ 'క్యూ'లో ఉంటుంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, నా కొంప ముంచినవి అవే.

ఒక రోజు మా ప్రొఫెసర్ గారు పిలిచారు.

"సిద్ధిరాములూ, వచ్చే శనివారం మెయింటెనెన్స్. పది గంటలకు మిషన్లన్నీ ఆపేయాలి. కంపెనీ ఇంజనీరు వచ్చి దుమ్ము దులిపి, బ్యాటరీలు చూసి, మధ్యాహ్నం ట్రైనింగ్ ఇస్తాడు. పోయినసారి ట్రైనింగ్‌కి ఎంతమంది వచ్చారు?"

"ముగ్గురు సార్."

"నిన్నూ నన్నూ కలుపుకుని చెబుతున్నావా?"

"కలుపుకునే సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈసారి పదిమందైనా లేకపోతే కంపెనీ వాళ్ళు ట్రైనింగే ఎత్తేస్తామంటున్నారు. ఎలాగైనా పదిమందిని కూర్చోబెట్టు. ఇంకో మాట. ఇక్కడికి పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టు ఒకటి వచ్చింది. పనిమంతుడి పేరు రాసి పంపమన్నారు."

'పనిమంతుడు' అన్నప్పుడు ఆయన నా వైపే చూశారు. గదిలో ఇంకెవరూ లేరనుకోండి, అది వేరే సంగతి. నేను మాత్రం అక్కడికక్కడే పర్మనెంట్ అయిపోయి, పెళ్ళి చేసుకుని, బైక్ కూడా కొనేశాను.

"అందరికీ ఈమెయిల్ పెట్టు" అని పంపించారు. ఈమెయిల్ ఎవడు చదువుతాడు? మా స్కాలర్లు ఉండేది ల్యాబుల్లో కాదు, గేటు ముందర చాయ్ హోటల్లో. పదిమంది రావాలంటే నోటీసు అక్కడుండాలి, అదీ తెలుగులో ఉండాలి. ఆ తెలివి నాకు తప్ప ఆ క్యాంపస్‌లో ఎవరికీ లేదని గట్టిగా నమ్మి, స్కెచ్‌పెన్ తీసుకుని ఇలా రాశాను.

'గమనిక. మెయింటెనెన్స్ కారణంగా శనివారం ఉదయం పది గంటలకు ప్రస్తుతమున్న జాబులన్నీ తీసివేయబడును. క్యూలో ఉన్న జాబులు సోమవారం ఇవ్వబడును. కొత్తవారికి ఉచిత ట్రైనింగ్. పది మందికి మాత్రమే, ముందు వచ్చినవారికి ముందు.'

చూశారా? ఒక్క అక్షరం తప్పు లేదు. గేటుకొకటి, చాయ్ హోటల్‌కొకటి, బస్టాప్‌కొకటి అంటించాను. ఈమెయిల్‌తో పోయేదాన్ని గేటు దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

శనివారం తొమ్మిదింటికి నా బస్సు గేటుకు చాలా దూరంలోనే ఆగిపోయింది. కండక్టర్ తల బయటికి పెట్టి చూసి, "దిగున్రి దిగున్రి, ముందటికి పోదు. ఎవలదో జాబుల లొల్లంట" అన్నాడు. ఏ కంపెనీ వాళ్ళో పాపం, అని జాలిపడుతూ నడిచాను. గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆ కంపెనీ మాదేనని తెలిసింది.

గేటుకు ఎడమ పక్క ఊడ్చేవాళ్ళు, తోటమాలులు, క్యాంటీన్ వాళ్ళు చీపుర్లతో గరిటెలతో సహా నేల మీద బైఠాయించారు. కుడి పక్క ఒక క్యూ. దాని తోక ఎక్కడుందో కనబడలేదు. ముత్తంగి, జిన్నారం, అటు సంగారెడ్డి నుంచి కూడా వచ్చారు, ప్రతి ఒక్కరి చంకలో సర్టిఫికెట్ల ఫైలు.

మా ఊరి నర్సమ్మ నన్ను చూసి లేచింది. మా ఫ్లోరు ఊడ్చేది ఆమే. వరసకు నాకు అత్త.

"అల్లుడా, నా జాబ్ తీస్తున్రంట గదరా! నేనేం తప్పు జేసిన? నీ గది అద్దం రోజు తుడిచేది నేనేనాయె!"

"ఎవలు చెప్పిన్రత్తా?"

"గేటుకంటించిన్రు. పది గొట్టంగనే జాబులన్నీ తీస్తరంట. ఏ సచ్చినోడు రాసిండో, వాని చెయ్యిరగ!"

నేను మెల్లగా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

ఈలోపు క్యూలో మొదటాయన నా భుజం తట్టాడు. నలభై ఏళ్ళుంటాయి, పేరు వీరేశం, ఊరు జిన్నారం. ఏసీ మెకానిక్. పనిచేసే కంపెనీ మూతపడి నాలుగు నెలలైందట.

"తమ్మీ, క్యూల ఉన్నోళ్లకు సోమారం జాబులిస్తరని రాసిన్రు. నేను తెల్లారకముందే వచ్చిన. నాదే ఫస్ట్ నంబర్. జెర రాస్కో."

నేనొకటి రాస్తే ఊరొకటి చదివింది! అప్పుడైనా లోపలికి పరుగెత్తి ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి ఉంటే పరువు దక్కేది. కానీ నాకు ధైర్యం ఎక్కువ. ఈ గొడవ తీర్చడానికి రెండు నిమిషాలు చాలనుకున్నాను. వాచ్‌మన్ స్టూలు లాక్కుని పైకెక్కాను.

"అందరు ఇనున్రి! మీరనుకుంటున్న జాబ్ కాదిది. ఇది కంప్యూటర్ జాబ్!"

అంతే. క్యూలోంచి వచ్చిన కేక బహుశా బీదర్ దాకా వినబడి ఉంటుంది.

"కంప్యూటర్ జాబంటరో!"

ఇద్దరు కుర్రాళ్ళు ఎస్టీడీ బూత్ వైపు పరుగు తీశారు, బావమరుదులకు ఫోన్ చేయడానికి. అప్పటిదాకా చాయ్ తాగుతూ తమాషా చూస్తున్నవాళ్ళు గ్లాసులు పెట్టేసి క్యూలో కలిశారు.

"అరే, అట్ల గాదు! లోపల ఉన్నయే పదహారు. ఒక్కోదానికి..."

"పదహారు పోస్టులంట!"

"పోస్టులు గావు, మిషన్లు! వాటి మీద జాబులు నడుస్తుంటే మేం కిల్ చేస్తం, గంతే!"

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మా వృత్తిలో జాబ్ ఆపడాన్ని 'కిల్' అంటారు. కిల్ అంటే ఏమిటో హిందీ సినిమాలు అందరికీ నేర్పాయి. "జాబ్ తీసుడు సాలదంట, సంపుతరంట!" అని క్యాంటీన్ వంటాయన గరిటె ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే సరిత పరుగెత్తుకుంటూ వచ్చింది. కెమిస్ట్రీ స్కాలర్. ఆమె లెక్క పదకొండు రోజులుగా నడుస్తోంది, ఇంకో రెండు గంటలైతే ముగుస్తుంది. చాయ్ హోటల్ దగ్గర నోటీసు చూసిందట. ఆ క్యాంపస్‌లో నా నోటీసును సరిగ్గా అర్థం చేసుకున్న ఒకే ఒక్క మనిషి. వచ్చీ రాగానే ఏడుపు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, నా జాబ్ తియ్యకే! పన్నెండింటి దాకా ఆగే! నా పీహెచ్‌డీ మొత్తం దాని మీదనే ఉన్నదే!"

అయిపోయింది. నర్సమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. "సూసిన్రా! గింత సదువుకున్న పిల్ల జాబే తీస్తున్రు. ఇగ మనమెంత? ఏడ్వకు బిడ్డా, ఎట్ల తీస్తరో మేం సూస్తం!"

చీపుర్లన్నీ ఒక్కసారి లేచాయి. "పిల్ల జాబ్ తియ్యొద్దు!" క్యూవాళ్ళు కూడా గొంతు కలిపారు. అటు పది కొట్టింది. ప్రొఫెసర్ గారి కారు, అందులో కంపెనీ ఇంజనీరు, ఆ వెనక లారీలు, బస్సులు, అన్నీ రోడ్డు మీదే.

ప్రొఫెసర్ గారు దిగి వచ్చి, గేటు మీది నోటీసు చదివారు. మళ్ళీ చదివారు.

"ఎవరు రాశారిది?"

స్టూలు మీద నిలబడ్డవాడికి దాక్కోవడానికి చోటెక్కడిది? చెయ్యెత్తాను. "నువ్వారా, సచ్చినోడా!" అంది మా అత్త.

ఆయన జనం వైపు తిరిగి దండం పెట్టారు. "అమ్మా, ఎవరి ఉద్యోగమూ పోదు. కంప్యూటర్లో వేసే లెక్కను మేము జాబ్ అంటాం. ఈ అమ్మాయి లెక్క ఒకటి నడుస్తోంది. అది పూర్తయ్యాకే మిషన్లు ఆపుతాం. నా మాట."

"గంతేనా?" అంది నర్సమ్మ. "మరి లెక్క అని రాస్తే ఏం పోయె?"

నిజమే, ఏం పోయేది? చీపుర్లు లోపలికి వెళ్ళిపోయాయి. లారీలు కదిలాయి. క్యూ మాత్రం కదల్లేదు.

"సార్" అన్నాడు వీరేశం, చాలా మర్యాదగా. "జాబ్ లేదంటే లేదు, సమజైంది. మరి ట్రైనింగ్? ఉచితం, ముందొచ్చినోళ్లకు, పదిమందికి అని రాసిన్రు. అది గుడ అబద్ధమేనా?"

ప్రొఫెసర్ గారు నన్ను చూశారు, ఇంజనీరును చూశారు. మా స్కాలర్లలో సరిత తప్ప ఒక్కడూ లేడు. గేటు దగ్గర లొల్లి విని సెలవనుకుని హాస్టల్లో నిద్రపోయారట. "మొదటి పదిమందీ లోపలికి రండి" అన్నారు.

సరిత లెక్క పన్నెండు దాటాక ముగిసింది. ఆ పిల్ల సంతోషం చూస్తే నా తప్పు కూడా నాకు ఒప్పులాగే అనిపించింది. మిషన్లు ఆపి, దుమ్ము దులిపి, మళ్ళీ వేశాం. అరగంటకే నాలుగు మిషన్లు వేడెక్కి ఆగిపోయాయి. ఇది ఏడాదిగా ఉన్న జబ్బే. ఇంజనీరు తల గోక్కున్నాడు. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్" అన్నాను నేను, ఎప్పటిలాగే గట్టిగా.

వీరేశం ఏసీ ముందర చెయ్యి పెట్టాడు, తర్వాత బీరువా వెనక, తర్వాత ముందు.

"సార్, మిషిన్లు ముందటి నుంచి గాలి పీల్చి ఎనక నుంచి వేడి ఇడుస్తున్నయ్. ఏసీ సల్లగాలేమో ఎనకకు కొడుతున్నది. బీరువా ఉల్టా పెట్టిన్రు. గిట్లెవలు పెట్టిన్రు?"

అందరూ నన్ను చూశారు.

"గది అద్దం తలుపులోంచి మిషన్ల లైట్లు మంచిగ కనబడ్తయని..." అన్నాను.

పదిమందీ కలిసి బీరువా తిప్పారు. ఆ తర్వాత ఒక్క మిషనూ ఆగలేదు. ఇంజనీరు చెప్పిన ప్రతి మాటా వీరేశం పాత ఫైలు వెనక రాసుకున్నాడు. నేను టీలు అందించాను.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ప్రొఫెసర్ గారు పనిమంతుడి పేరే రాసి పంపారు: వీరేశం, జిన్నారం. నాకు కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు, వీరేశం కింద. స్టూలెక్కి గొంతు చించుకుని మరీ చెప్పాను కదా, ఇక్కడ జాబ్ లేదు, లేదు అని? ఒకటి ఉండనే ఉంది. నాకు రావలసినదే.

అందుకని పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నోటీసు రాయవలసి వస్తే, విశ్వవిద్యాలయాల సంప్రదాయాన్ని గౌరవించి, చదివిన ఏ ఒక్క ప్రాణికీ ఒక్క ముక్క అర్థం కాకుండానే రాస్తాను.