మస్తాన్ గారు తీసుకున్న నా పెన్ను

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, విజయవాడ వన్ టౌన్‌లో మస్తాన్ గారి దగ్గర పాత సీసాలు కరిగించి పోత పోయడం నేర్చుకోసాగాను. చనిపోయిన మా ఆవిడ ఏటా క్రిస్మస్‌కు ద్రాక్షరసం నిలవచేసిన ఆకుపచ్చ సీసాతో, ఆమె సమాధికి చిన్న శిలువ చేయాలని నా కోరిక. ఉన్నది ఆ ఒక్క సీసాయే.

ముక్కలు అచ్చులో నింపి కరెంటు కొలిమిలో పెట్టాం. గాజు కరిగింది. “ఇక రేపటిదాకా మెల్లగా చల్లారాలి. మూత ముట్టుకోకండి” అని చెప్పి ఆయన నమాజుకు వెళ్లారు.

నలభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్నవాణ్ని. గంటగంటకూ గాజు ఎలా ఉందో రాసుకోవాలని, డైరీ, పెన్ను పట్టుకుని మూత కాస్త ఎత్తాను. చల్లగాలి తగిలి లోపల ‘టిక్’మంది. శిలువ రెండు ముక్కలైంది.

తిరిగొచ్చిన మస్తాన్ గారు కొలిమినీ నా చేతిలోని డైరీనీ పెన్నునూ చూశారు.

“డైరీలో రాశారా మాస్టారూ?”

“లేదండీ.”

“అయితే జరగనట్టే. ఒకే సీసా ముక్కలు కదండీ, మళ్లీ కలుస్తాయి. ముందు ఆ పెన్ను ఇటివ్వండి.”

మర్నాడు ఆ ముక్కలను కొత్త అచ్చులో మళ్లీ కరిగించారు. చల్లారేదాకా పనులన్నీ మానుకుని, నా పెన్ను జేబులో పెట్టుకుని, కొలిమి పక్కనే స్టూలు మీద కూర్చున్నారు.

గుణదలలో మా ఆవిడ సమాధి మీద ఇప్పుడా శిలువ ఉంది. మధ్యలో ముక్కలు కలిసినచోట వెంట్రుకంత గీత కనిపిస్తుంది. నా డైరీలన్నిటిలో శిలువ విరిగిన ఆ రోజు పేజీ ఒక్కటే ఖాళీ. అన్నిటికన్నా బాగా గుర్తున్నదీ ఆ రోజే.