మిద్దె దిగి రమ్మన్న అమృతవల్లి

వీణ టీచరమ్మ అమృతవల్లి పోయి నెల కాలేదు. అప్పుడే ఆమెను శాంతమూర్తిని చేసేశారు. ఎవరండీ శాంతమూర్తి? గోడకు ఇవతల ముసలిదాన్నయ్యేదాకా కాపురమున్నాను, నాకు తెలీదా? పిల్లలు తప్పు తీగ మీటితే ఆమె వేసే కేకకు నా పొయ్యి మీద పోపు మాడిపోయేది.

"ఏమ్మా, వీణ నేర్పిస్తా ఉండావా, పిల్లోళ్ల ప్రాణం తీస్తా ఉండావా?" అని అరుగు మీది నుంచే అడిగేదాన్ని.

"నీకు చెవులు కూడా ఉండాయా చౌడేశ్వరీ? నోరొకటే అనుకున్నానే!" అనేది.

ఆమెది ఆచార్యుల ఇల్లు, మాది పూలు కట్టే ఇల్లు. నా మనవరాలు నందినిని ఆమె ముందు కూర్చోబెట్టిన రోజు కొందరు మూతులు తిప్పారు. ఆమె మాత్రం "కాళ్లు కడుక్కున్నావా?" అని అడిగి వీణ ముందుకు జరిపింది. ఎవరి పిల్లలు వచ్చినా ఆ ఒక్క మాటే అడిగేది.

తిరుపతిలో గుడి వెనక వీధి మాది. ఒక్కటి తప్ప అన్నీ ఒంటి అంతస్తు ఇళ్లు. ఈ చివర అరుగెక్కితే కాలు కింద పెట్టకుండా ఆ చివరిదాకా నడవొచ్చు. ఉత్సవంలో స్వామి పల్లకి ప్రతి గడప ముందూ ఆగి హారతి అందుకుంటుంది. ఆ వేళకు మిద్దె మీద ఎవరున్నా దిగి రావాల్సిందే. స్వామి కంటే ఎత్తున మనిషి నిలబడకూడదు.

మునిరత్నం ఈ వీధిలో పుట్టినవాడే. మూల మీద, టీచరమ్మ ఇంటికి ఎదురుగా ఉన్న వాళ్ల ఇల్లు పడగొట్టి నాలుగంతస్తుల లాడ్జి కట్టాడు. తర్వాత ఇంకా లాడ్జిలు కడతానని మిగతా ఇళ్లూ అమ్మమని అడిగాడు. నేనూ టీచరమ్మా తప్ప అందరూ తలూపారు. శుక్రవారం సంతకాలన్నారు. టీచరమ్మ ఇంటింటికీ వెళ్లి వద్దని చెప్పింది.

"పిల్లా జెల్లా లేని మనిషి, గోడల్ని పట్టుకొని ఏడుస్తా ఉండాది" అని చివరింటి కుప్పయ్య ఎగతాళి చేశాడు.

"అవునప్పా, గోడల్నే. నీ కూతురు పాడిన పాటలన్నీ గోడలే విన్నాయి. నువ్వు యాడ విన్నావు, టీవీ ముందర కూర్చోని?" అంది.

ఆ శుక్రవారానికి ముందే ఉత్సవం వచ్చింది. పల్లకి వీధిలోకి తిరిగింది మొదలు దాటిపోయేదాకా టీచరమ్మ అరుగు మీద పిల్లలతో పాడించడం మామూలు. పల్లకి లాడ్జి ముందుకు వచ్చింది. మునిరత్నం పట్టుపంచె కట్టి హారతి పళ్లెంతో నిలబడ్డాడు. పైన బాల్కనీల నిండా యాత్రికులు, చేతుల్లో ఫోన్లు. ఒకాయన కమ్మీ మీద కూర్చుని కాళ్లు వేలాడేశాడు, చెప్పులతో సహా.

టీచరమ్మ తీగల మీద అరచెయ్యి పెట్టింది. పాట ఆగింది. అది చూసి నాదస్వరం ఆగింది. మోసేవాళ్లూ అడుగు వెయ్యలేదు.

"ఎందుకమ్మా ఆపినారు?" అన్నాడు మునిరత్నం.

"పైకి సూడు నాయనా."

చూశాడు. మొహం మాడింది. "యాత్రికులమ్మా, వాళ్లకేం తెలుస్తాది?"

"వాళ్లకి తెలీదు, నీకు తెలుసు. మీయమ్మ మిద్దె మీద వడియాలు పెడతా ఉన్నా, మేళం వినపడితే పిండి చేతుల్తోనే దిగొచ్చేది. పొయ్యి వాళ్లని దించు. అందాకా పాట లేదు."

పళ్లెం వాచ్‌మన్ చేతిలో పెట్టి మునిరత్నం పంచె ఎగ్గట్టి మెట్లెక్కాడు. ఒక అంతస్తు ఖాళీ చేయిస్తే ఇంకో అంతస్తులో తలలు లేచేవి. స్వామి బరువు భుజాల మీద మోస్తూ మనుషులు చెమటలు కక్కుతున్నారు. లాడ్జి గడపలో వాచ్‌మన్ పళ్లెం ఎటు తిప్పాలో తెలీక దిక్కులు చూస్తున్నాడు.

"వీధంతా ఇట్లాంటివే కడితే, స్వామికి హారతి ఇచ్చేదెవురప్పా?" అన్నాడు కుప్పయ్య, ఎవరినీ చూడకుండా.

ఆఖరి తల కిందికి దిగాకే పాట మొదలైంది, పల్లకి కదిలింది. శుక్రవారం సంతకాలకు ఎవరూ వెళ్లలేదు.

మొన్న మునిరత్నం మళ్లీ వచ్చాడు. ఆమె ఫోటో పక్కన అంతకు రెండింతలున్న తన ఫోటో వేయించిన ఫ్లెక్సీ చూపించాడు. కొత్త లాడ్జికి ఆమె పేరే పెడతాడట.

"టీచరమ్మే పొయ్యింది కదా పెద్దమ్మా, ఇంకెవరి కోసరం ఈ పట్టు?"

"మా కోసరమే. ఆమె కోసరమని నీకెవరు చెప్పినారు? ఇల్లు మాది, వీధి మాది. ఆ ఫ్లెక్సీ చుట్టి నీ మిద్దె మీద పెట్టుకో. పల్లకి వచ్చేటప్పుడు మాత్రం అది కూడా దించు."

మజ్జిగ ఇచ్చాను. తాగి వెళ్లాడు. ఇల్లు ఇవ్వలేదు, ఇవ్వను.