రెండు సంచులు పక్కకు పెట్టించిన సారు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నా పని బూజులతో. ఇరవై ఏళ్లుగా వాటినే పెంచుతూ, వాటినే చూస్తూ బతుకుతున్నదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాకీ విద్య నేర్పింది కరీం సారు. ఆయనది ఆత్మకూరు. వనపర్తిలో మా చిన్న ప్రయోగశాలను నిలబెట్టింది ఆయనే. పల్లీలకు పట్టే ఒకరకం బూజు కాలేయాన్ని పాడుచేస్తుందని, కంటికి ఆనకముందే దాన్ని పట్టుకోవాలని ఊరూరా తిరిగి చెప్పేవారు. గుప్పెడు పల్లీలు తీసుకుని, కళ్లు మూసుకుని వాసన చూసేవారు. "ముక్కును నమ్మకు బేటా, పరీక్ష చెయ్యి" అని నాతో అంటూనే, తాను మాత్రం ముక్కునే నమ్మేవారు.

పోయిన వానకాలంలో ఆయన చనిపోయారు. ఆఖరిచూపుకు నేనూ వెళ్లాను.

యాసంగి పల్లీలు ఇళ్లకు చేరాక నమూనాల కోసం బయలుదేరాను. అమరచింత వెళ్లాల్సింది. అక్కడి రైతులు పెళ్లికి పోయారని పొద్దున్నే ఫోను వచ్చింది. అప్పటికప్పుడు తెలకపల్లి బస్సెక్కి, దాని పక్కనున్న ఒక ఊళ్లో దిగాను. అక్కడ నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు. వస్తున్నానని ఎవరికీ చెప్పలేదు కూడా.

మధ్యాహ్నం బాలమ్మ అనే పెద్దామె ఇంటికి వెళ్లాను. వసారాలో తొమ్మిది సంచులు ఒకచోట, రెండు విడిగా గోడవారన ఉన్నాయి. నేను నోరు తెరవకముందే ఆమె అంది:

"అవ్వే బిడ్డా, నువ్వు చూడాల్సినయి. పొద్దుగాల మీ సారొచ్చి పక్కకు పెట్టిచ్చిండు."

"ఏ సారు?"

"పేరు చెప్పలే. ముసలాయన. కండ్లు మూసుకోని వాసన చూసిండు. ఇవి పిల్లలకు పెట్టకు, మా బిడ్డ వస్తది, ఆమెకియ్యి అన్నడు. రేపు మనుమరాండ్లకు వేంచి పెడ్దామనుకున్న. చాయ్ తాగమంటే నవ్వి పోయిండు."

ఫోనులో సారు ఫొటో చూపించాను.

"గీయినే! ఏంది బిడ్డా, ఏడుస్తున్నవ్? జర కూసో, నీళ్లిస్త."

ఆయన లేరన్న మాట ఆమెకు చెప్పలేకపోయాను.

వెంట తెచ్చుకున్న కిట్టుతో పదకొండు సంచులూ అక్కడే పరీక్షించాను. తొమ్మిది శుభ్రంగా ఉన్నాయి. ఆ రెండింటిలోనే విషం, అదీ చాలా ఎక్కువగా. చూపుకు తేడా లేదు. నేనూ వాసన చూశాను, నాకేమీ తెలియలేదు. బాలమ్మకు చెప్పి రెండింటినీ గుంత తీసి పూడ్పించాను.

మా ఆఫీసు నుంచి ఆ రోజు ఎవరూ ఆ ఊరు వెళ్లలేదు. సారు పాత డైరీలన్నీ తిరగేశాను. ఆ ఊరి పేరే లేదు.

నివేదికలో 'గుర్తించినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో సారు పేరే రాశాను. పోయినవారి పేరు ఎందుకుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.